మేనరికం, ఇద్దరికీ తలసేమియా మైనర్, తొమ్మిదో వారం: ఇప్పుడు ఏం చేయాలి?

అమ్మా, మీరు చాలా అడిగారు. ముందు అసలు సంగతి ఒకచోట పెడతాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకోండి. మీరు సొంత మేనమామ కొడుకుని చేసుకున్నారు. హైదరాబాద్ ఉప్పల్‌లో కాపురం, ఇప్పుడు గర్భం తొమ్మిదో వారం. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని, అందులోని రకాలు విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయిస్తే హెచ్‌బీ ఏ2 అనే రకం మీకు నూటికి 5.3, మీ ఆయనకి 5.0 వచ్చింది. ఇద్దరికీ తలసేమియా మైనర్ అన్నారు, అంటే ఈ రక్తం జబ్బు లేకుండా దాని జీన్ మాత్రం మోస్తున్నారని. అత్తయ్య "మా వంశంలో ఇలాంటివి లేవు" అంటున్నారు. ఇంకొకరెవరో ఈ కాలం బియ్యం వల్ల వచ్చిందంటున్నారు. మీ ఆయన జీన్లని ఎడిట్ చేసే క్రిస్పర్ పద్ధతి గురించి చదివి, కడుపులోనే సరిచేయిద్దాం అంటున్నారు. మీ అమ్మగారేమో పరీక్షలే వద్దు, దేవుడిచ్చినట్టు అవుతుంది అంటున్నారు. ఇవన్నీ నడుస్తుండగానే మీ తమ్ముడికి, మీ ఆడపడుచుకి సంబంధం ఖాయం చేసే మాటలు సాగుతున్నాయి.

నేను చాలా ఏళ్లుగా ఈ ఊళ్లో జెనెటిక్ కౌన్సెలింగ్‌లోనే పనిచేస్తున్నాను. మీ ఇంట్లో జరుగుతున్న వాదన నాకు కొత్త కాదు. జీన్ల సంగతి తర్వాత చెప్తాను, ముందు క్యాలెండర్ చూడండి. మీ దగ్గర టైమ్ తక్కువ.

గర్భంలో బిడ్డకి తలసేమియా మేజర్, అంటే జీవితాంతం రక్తం ఎక్కించాల్సిన అసలు జబ్బు, ఉందో లేదో తెలుసుకోవడానికి సీవీఎస్ అనే పరీక్ష ఉంది. మాయ నుంచి చిన్న ముక్క తీసి అందులోని డీఎన్‌ఏ చూస్తారు. సాధారణంగా 11 నుంచి 13 వారాల మధ్య చేస్తారు. కానీ బిడ్డ డీఎన్‌ఏలో ఏ తప్పు కోసం వెతకాలో ల్యాబ్‌కి ముందే తెలియాలి. అంటే మీ ఇద్దరి జీన్‌లో తప్పు ఎక్కడుందో ముందు పట్టుకోవాలి. దాన్ని మ్యుటేషన్ టెస్ట్ అంటాం. దానికి కొన్ని రోజులు పడుతుంది. చాలామంది హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు ఫైల్లో పెట్టుకుని, పన్నెండో వారంలో సీవీఎస్‌కి వచ్చి కూర్చుంటారు. అప్పుడు ల్యాబ్ "పేరెంట్స్ రిపోర్ట్ ఏదీ?" అని అడుగుతుంది, పరుగులు మొదలవుతాయి. కాబట్టి మీ ఇద్దరి రక్తం ఈ వారమే ఇవ్వండి. నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. శివరాంపల్లిలో నేషనల్ పోలీస్ అకాడమీకి ఎదురుగా తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. 1998లో తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి పెట్టింది. ఎక్కడికి వెళ్లాలో తేలక అటూ ఇటూ తిరిగేకన్నా ఈ రెండిట్లో ఒకచోట ముందు అడగండి. సీవీఎస్ తప్పిపోతే 16 వారాలప్పుడు ఉమ్మనీరు తీసి చూడొచ్చు. కానీ ఆలస్యమయ్యే కొద్దీ మనసుకి, శరీరానికి కూడా కష్టం పెరుగుతుంది.

ఇంకో చిన్న సంగతి. మీకు ఐరన్ మాత్రలు రాశారన్నారు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించుకున్నారా? మైనర్ ఉన్నవాళ్లకి ఐరన్ సరిపడా ఉన్నా హిమోగ్లోబిన్ తొమ్మిదీ పదీ దగ్గరే ఆడుతుంటుంది. ఎర్ర కణాలు చిన్నవిగా ఉంటాయి, ఆ సైజు చెప్పే ఎంసీవీ 65, 70 అలా వస్తుంది. కణాల సంఖ్య మాత్రం ఎక్కువే ఉంటుంది. ఈ తేడా గమనించకుండా ఏళ్ల తరబడి ఐరన్ టానిక్కులు తాగిన ఆడవాళ్లు ఎందరో. నిజంగా ఐరన్ లోపం కూడా ఉంటే మాత్రలు వేసుకోవాల్సిందే, గర్భంలో అది మరీ ముఖ్యం. ఫెరిటిన్ చూశాకే డాక్టరుతో తేల్చుకోండి, మీ అంతట మీరు ఆపేయొద్దు.

ఇక మీ మొదటి ప్రశ్న: మేమిద్దరం బాగానే ఉన్నాం కదా, బిడ్డకి జబ్బెలా వస్తుంది?

మన ఒక్కో కణంలో డీఎన్‌ఏ ఉంటుంది. నాలుగంటే నాలుగే అక్షరాలతో రాసిన పాఠం అది. ఒక సెట్టు లెక్క వేస్తే సుమారు 300 కోట్ల అక్షరాలు. అందులో ప్రొటీన్లు తయారుచేయడానికి సూచనలిచ్చే జీన్లు దాదాపు 20,000. అన్నీ కలిపినా మొత్తం డీఎన్‌ఏలో నూటికి రెండు వంతులు కూడా కావు. మీకు సంబంధించిన జీన్ 11వ క్రోమోజోమ్ మీద ఉంది. ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి. ఆ బీటా గొలుసుని తయారుచేయించేది ఈ జీన్. పొడవు సుమారు 1,600 అక్షరాలు, అంటే చాలా చిన్నది. మీ చర్మంలోనూ ఉంది, కాలేయంలోనూ ఉంది, కానీ అక్కడ నోరు మెదపదు. ఎముక మజ్జలో ఎర్ర కణాలు తయారయ్యే చోటే పనిచేస్తుంది.

పనిచేయడం అంటే ఏమిటంటే, ఆ జీన్‌కి ఆర్‌ఎన్‌ఏ రూపంలో ఒక నకలు తీస్తారు. ఆ నకలులో అక్కరలేని భాగాలు రెండు ఉంటాయి. కణం వాటిని కత్తిరించి, మిగతా మూడు ముక్కల్ని అతికిస్తుంది. ఆ అతికిన పాఠాన్ని చదువుతూ 146 అమైనో ఆమ్లాల్ని వరసగా కూర్చితే బీటా గొలుసు తయారవుతుంది. మన దేశంలో బీటా తలసేమియాకి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఈ కత్తిరింపు దగ్గరే ఉంది. మొదటి అక్కరలేని భాగంలో ఐదో అక్షరం జీ ఉండాల్సిన చోట సీ ఉంటుంది. రిపోర్టులో ఐవీఎస్ 1-5 అని రాస్తారు. ఆ ఒక్క అక్షరం మారడంతో ఎక్కడ కత్తిరించాలో కణం తడబడుతుంది. సరైన గొలుసులు అరకొరగా తయారవుతాయి. జతలేని ఆల్ఫా గొలుసులు పేరుకుపోయి, పుట్టబోయే ఎర్ర కణాన్ని మజ్జలోనే చంపేస్తాయి. రక్తం తగ్గేది అందుకే. ఇంకా కణాలు కావాలని మజ్జ ఉబ్బుతుంది, ముఖం ఎముకలు మారతాయి, ప్లీహం పెరుగుతుంది.

ఈ జీన్ ప్రతి ఒక్కరికీ రెండు ప్రతులు ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మీ అపార్ట్‌మెంట్‌లో రెండు బోర్లు ఉన్నాయనుకోండి. ఒకటి ఎండిపోయినా రెండోది లాక్కొస్తుంది, కాస్త ప్రెషర్ తగ్గుతుందంతే. మైనర్ అంటే అదే. రెండూ ఎండితేనే మూడు, నాలుగు వారాలకోసారి ట్యాంకర్ పిలవాలి. మేజర్ ఉన్న పిల్లలకి జీవితాంతం అన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాల్సి రావడం అలాంటిది. మీ ఇద్దరి దగ్గరా ఒకటి మంచిది, ఒకటి పాడైనది ఉన్నాయి. బిడ్డకి ఎవరి నుంచి ఏది వస్తుందో చెప్పలేం. నాలుగింట ఒక వంతు అవకాశం రెండూ పాడైనవే రావడానికి. నాలుగింట ఒక వంతు రెండూ మంచివే రావడానికి. మిగతా సగం మీలాగే మైనర్. ఈ లెక్క ప్రతి గర్భానికీ మళ్లీ మొదటి నుంచీ మొదలవుతుంది. ఒక బిడ్డకి జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురూ బాగుంటారని అనుకునేవాళ్లు ఉన్నారు. ఆ లెక్క నమ్మి మోసపోయిన ఇళ్లు చూశాను.

అసలు మేజర్ ఉన్న బిడ్డ పుట్టినప్పుడు ముద్దుగా, ఆరోగ్యంగా ఉంటుంది. ఎందుకంటే కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడుకునేది వేరే హిమోగ్లోబిన్. దానికి బీటా గొలుసు అక్కర్లేదు, గామా గొలుసు చాలు. పుట్టాక కొన్ని నెలల్లో శరీరం గామాని ఆపి బీటాకి మారుతుంది. అప్పుడు బయటపడుతుంది సంగతి. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పాలిపోవడం, సరిగా ఎదగకపోవడం మొదలవుతాయి. ఈ గామా సంగతి గుర్తుపెట్టుకోండి, మీ ఆయన అడిగిన క్రిస్పర్ కిటుకంతా అక్కడే ఉంది.

అత్తయ్య మాట గురించి. మీ అమ్మగారు, మీ మామయ్య తోబుట్టువులు. మీకు, మీ ఆయనకి ఉమ్మడిగా ఉన్నది మీ అమ్మమ్మ, తాతయ్య. వాళ్లిద్దరిలో ఒకరి దగ్గర ఉన్న పాడైన జీన్ ఒకవైపు మీ అమ్మకి, మరోవైపు మీ మామయ్యకి వచ్చి, అక్కడి నుంచి మీ ఇద్దరికీ దిగి ఉండే అవకాశమే ఎక్కువ. అంటే "మా వంశం" అని అత్తయ్య దేన్ని అంటున్నారో అదే వంశం. అందులో ఆవిడ కోడలిగా వచ్చిన మనిషి. మ్యుటేషన్ రిపోర్టులో మీ ఇద్దరికీ ఒకే తప్పు వస్తే, మీ అమ్మకీ మామయ్యకీ కూడా హెచ్‌పీఎల్‌సీ చేయిస్తే, ఇది దాదాపు తేలిపోతుంది. తేల్చమంటున్నది ఎవరి మీదో తప్పు వేయడానికి కాదు. మీ పిన్నమ్మలు, మామయ్యల పిల్లల్లో ఇంకెవరికి పరీక్ష చేయించాలో తెలుస్తుందని. జీన్ కావాలని ఎవరూ ఇవ్వరు. ఆ మాటకొస్తే పాడైన బీటా జీన్ ఒక్కటే ఉన్నవాళ్లకి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న నేలల్లో ఇది వేల ఏళ్లుగా నిలిచి ఉండడానికి కారణం అదే. ఎప్పుడో ఎవరో తాతమ్మని బతికించిన అక్షరమే కావచ్చు ఇది.

మేనరికం వల్లే అనేసి చేతులు దులుపుకోవడం కూడా సరికాదు. బయటి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే పెద్ద లోపాలు నూటికి రెండు, మూడు ఉంటాయి. మేనత్త, మేనమామ పిల్లలు చేసుకుంటే అది సుమారు రెట్టింపు. మేనమామని మేనకోడలు చేసుకుంటే ఇంకా ఎక్కువ దగ్గరితనం, మన వైపు ఒకప్పుడు అది ఎంత మామూలో మీకూ తెలుసు. కానీ బయటి సంబంధం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లకి ఒక మాట. మన దగ్గర పెళ్లిళ్లు వందల, వేల ఏళ్లుగా ఒకే కులంలో, ఒక్కోసారి చిన్న శాఖలోనే జరుగుతూ వచ్చాయి. మన హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థకి చెందిన కుమారసామి తంగరాజ్ తదితరులు విదేశీ పరిశోధకులతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధన దీన్ని బాగా చూపించింది. మన దేశంలో ఎన్నో సమూహాలు కొద్దిమంది పూర్వికుల నుంచి పెరిగినవి, కాబట్టి కొన్ని జీన్ లోపాలు ఆయా సమూహాల్లో పోగుపడ్డాయి. మన వైశ్యుల్లో కొందరికి మత్తుమందుతో పాటు ఇచ్చే, కండరాలు వదులు చేసే ఒక మందు ఒంట్లో త్వరగా విరగదు, ఆపరేషన్ అయ్యాక చాలాసేపు ఊపిరి అందదు. కారణం ఒక ఎంజైమ్ లోపం. ముందే చెబితే మత్తు డాక్టరు వేరే మందు వాడతారు, అంతటితో అయిపోతుంది. చెప్పడానికి సిగ్గుపడితేనే ప్రమాదం. జీన్ సమాచారం వల్ల నిజంగా ఒరిగేది ఇలాంటి చోట్ల. దాన్ని పట్టుకుని ఒక కులాన్ని వెక్కిరించడం మొదలుపెడితే మాత్రం పరీక్షకి ఎవరూ రారు.

బియ్యం సంగతి రెండు మాటల్లో. తిన్న ఆహారంలోని డీఎన్‌ఏ మీ జీన్లని మార్చదు. అది మామిడిపండులోనూ ఉంది, కోడిగుడ్డులోనూ ఉంది, జీర్ణమైపోతుంది. మీ ఇంట్లో వాళ్లు విన్నది బహుశా మన రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్ల కమల అనే రకం గురించి. సాంబమసూరిలో ఒక జీన్‌ని ఎడిట్ చేసి, గింజలు ఎక్కువ పట్టేలా, పంట ముందే కోతకొచ్చేలా చేశారు. 2025 మే నెలలో ప్రకటించారు. మీ తాతగారి కాలం నుంచి ఉన్న తలసేమియాకి అది కారణం ఎలా అవుతుంది? పత్తిలో బీటీ 2002 నుంచి ఉంది, అది బయటి సూక్ష్మజీవి జీన్ తెచ్చి పెట్టింది. కమలలో అలా బయటి జీన్ పెట్టలేదు. విత్తనం ఎవరి చేతిలో ఉండాలి, పేటెంట్లు ఎవరివి అని రైతులు అడిగే ప్రశ్నలు న్యాయమైనవే, కానీ మీ రిపోర్టుకీ వాటికీ సంబంధం లేదు.

ఇప్పుడు క్రిస్పర్. మీ ఆయన చదివింది అబద్ధం కాదు. జెనిఫర్ డౌడ్నా, ఇమాన్యుయెల్ షార్పెంటియే 2012లో ఈ పద్ధతిని చూపించారు, 2020లో వాళ్లకి నోబెల్ వచ్చింది. బాక్టీరియా వైరస్‌ల నుంచి కాపాడుకోవడానికి వాడే ఏర్పాటు ఇది. కావలసిన చోటుకి దారి చూపించే ఆర్‌ఎన్‌ఏ ముక్క ఒకటి, అక్కడ డీఎన్‌ఏని తెంపే ప్రొటీన్ ఒకటి. 2023 నవంబర్‌లో బ్రిటన్‌లో, ఆ తర్వాత అమెరికాలో క్యాస్జెవీ అనే చికిత్సకి అనుమతి వచ్చింది. సికిల్ సెల్ అనే ఇంకో హిమోగ్లోబిన్ జబ్బుకి, రక్తం ఎక్కించుకుంటున్న బీటా తలసేమియాకి. తమాషా ఏమిటంటే అది మీ పాడైన అక్షరాన్ని సరిచేయదు. పుట్టాక గామా గొలుసుని నొక్కిపెట్టే బీసీఎల్11ఏ అనే జీన్ ఒకటుంది. రక్తకణాల్లో ఆ జీన్ నోరు నొక్కేస్తారు. గామా మళ్లీ తయారవడం మొదలవుతుంది, కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్‌తోనే మనిషి బతుకుతాడు. ఇంత అందమైన ఆలోచన వైద్యంలో అరుదు.

అయితే అది ఎలా చేస్తారో కూడా తెలుసుకోండి. రక్తాన్ని తయారుచేసే రోగి మూలకణాలు బయటికి తీసి, ల్యాబ్‌లో ఎడిట్ చేస్తారు. అవి సిద్ధమయ్యాక గట్టి కీమోథెరపీ ఇచ్చి పాత మజ్జని ఖాళీ చేస్తారు. తర్వాత ఎడిట్ చేసిన కణాలు ఎక్కిస్తారు. వారాల తరబడి ఆసుపత్రి, ఇన్ఫెక్షన్ల భయం, తర్వాత పిల్లలు పుట్టకపోయే ప్రమాదం. మొదట అనుమతి ఇచ్చింది 12 ఏళ్లు నిండినవాళ్లకే. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, మన లెక్కలో 18 కోట్ల పైమాటే. కడుపులో ఉన్న బిడ్డకి తలసేమియా జీన్‌ని ఎడిట్ చేసే ఆమోదిత చికిత్స ఈరోజు ఎక్కడా లేదు. ఎవరైనా మీకు అలా చెబితే లేచి వచ్చేయండి. ఈ రంగం ఆగలేదు, 2025లో ఫిలడెల్ఫియాలో ఒక పసిబిడ్డ కాలేయ జబ్బుకి ఆ బిడ్డ ఒక్కడి కోసమే తయారుచేసిన ఎడిటింగ్ మందు ఇచ్చారు. కానీ మీ చేతిలో ఉన్నవి కొన్ని వారాలు, సంవత్సరాలు కాదు.

రక్తకణాలు ఎడిట్ చేస్తే ఆ మార్పు ఆ మనిషితో పోతుంది. పిండాన్నే ఎడిట్ చేస్తే అది ఆ బిడ్డ పిల్లలకి, మనవలకి వెళ్తుంది. ఈ గీత చాలా పెద్దది. 2018లో చైనాలో హ జియాన్‌కుయ్ అనే శాస్త్రవేత్త ఆ గీత దాటాడు. హెచ్ఐవీ రాకుండా చేస్తానని పిండాలని ఎడిట్ చేసి కవల ఆడపిల్లల్ని పుట్టించానని ప్రకటించాడు. అవసరం లేని పని అది. ఆ పిల్లలకి హెచ్ఐవీ సోకకుండా మామూలు మార్గాలే ఉన్నాయి. పైగా ఎడిటింగ్ అనుకున్నట్టు కుదరలేదు. 2019 చివర్లో అతనికి మూడేళ్ల జైలు పడింది. మన దగ్గర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2019 మార్గదర్శకాలు పిండాల ఎడిటింగ్‌తో బిడ్డల్ని కనడాన్ని ఒప్పుకోవు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. ఒప్పుకోమని అడగడానికి ఇంకా పుట్టని మనవడు మన ఎదురుగా లేడు.

టీవీలో "డిజైనర్ బేబీలు" అంటూ గంటలు గంటలు వాదిస్తారు. నా మట్టుకు నాకు, మన ఊళ్లో జీన్ల విషయంలో జరిగే అన్యాయం ఇంతకన్నా చాలా మామూలుది. వెయ్యి రూపాయలకి అటూ ఇటుగా అయ్యే హెచ్‌పీఎల్‌సీ పెళ్లికి ముందు ఎవరూ చేయించరు. గర్భం వచ్చాక మొదటి చెకప్‌లో కూడా అన్నిచోట్లా అడగరు. దేశంలో ఏటా పది వేలకు పైగా పిల్లలు మేజర్‌తో పుడుతున్నారన్నది ఎప్పటి నుంచో చెబుతున్న అంచనా. సైప్రస్‌లో 1970, 80లలో పెళ్లికి ముందు పరీక్షని మామూలు సంగతి చేశారు, అక్కడి చర్చి కూడా సర్టిఫికెట్ అడిగింది, మేజర్‌తో పుట్టే పిల్లలు దాదాపు లేకుండా పోయారు. మనం జాతకాల పొంతన రెండు పంచాంగాలతో చూపిస్తాం. రక్తం రిపోర్టు అడిగితే మాత్రం అవమానంగా ముఖాలు మాడుస్తాం.

మీ అమ్మగారి మాట దగ్గరికి వస్తాను. "పరీక్షలు వద్దు" అనే హక్కు మీకుంది, ఏ డాక్టరూ బలవంతపెట్టకూడదు. కానీ సీవీఎస్ చేయించుకోవడం అంటే గర్భం తీయించుకుంటామని సంతకం పెట్టడం కాదు, ఇది మీ అమ్మగారికి చెప్పండి. నాలుగింట మూడు వంతులు మంచి కబురే వస్తుంది, మిగతా నెలలు మీరు గుండె చేత్తో పట్టుకుని కూర్చోనక్కర్లేదు. మేజర్ అని తేలినా బిడ్డని కందామనుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు పుట్టక ముందే రక్తం ఎక్కడ ఎక్కించాలో, హెపటైటిస్ బీ టీకా ఎప్పుడో, ఎక్కించిన రక్తం వల్ల పేరుకునే ఐరన్‌ని తగ్గించే మందులు ఎప్పటి నుంచో అన్నీ సిద్ధం చేసుకున్నారు. ఆపేద్దామనుకున్నవాళ్లూ ఉన్నారు. చట్టం దాన్ని అనుమతిస్తుంది, పదిహేనో వారం లోపు తేలితే గడువుకి లోపలే ఉంటారు. రెండు రకాల వాళ్లనీ నేను చూశాను, ఎవరి నిర్ణయమూ తేలిగ్గా జరగలేదు. మీ ఇద్దరి తరఫున ఇంకెవరూ నిర్ణయించకూడదు, నేను కూడా.

ఒక మాట మాత్రం దాచను. మేజర్ ఉన్న పిల్లల జీవితం వ్యర్థం అని ఎవరైనా అంటే నమ్మొద్దు. సురక్షితమైన రక్తం, ఐరన్ తగ్గించే డెఫెరాసిరాక్స్ లాంటి మందులు టైముకి పడితే పెరిగి, చదువుకుని, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా ఉంది. అలాగని తేలిక అని కూడా అనను. ప్రతి నెలా ఆసుపత్రి, సూదులు, గుండెలో కాలేయంలో ఐరన్ పేరుకుపోతుందన్న భయం, నాన్న ఉద్యోగానికి పెట్టే సెలవులు. నయం చేయాలంటే ఎక్కువగా చేసేది మజ్జ మార్పిడి, దానికి సరిపోయే తోబుట్టువు ఉంటే మేలు, ఒక్కో తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగింట ఒకటే.

సీవీఎస్ అంటే భయపడుతున్నారు కాబట్టి: చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే దాని వల్ల గర్భం పోయే ప్రమాదం నూటికి ఒకటి కన్నా తక్కువ. ల్యాబ్‌ని ఒక్కటి అడగండి, తీసిన ముక్కలో తల్లి కణాలు కలవలేదని చూశారా అని. కలిస్తే రిపోర్టు తప్పు వస్తుంది. మంచి ల్యాబ్ దానికి విడిగా పరీక్ష చేసి రిపోర్టులో రాస్తుంది. ఆడా మగా అని మాత్రం అడగొద్దు, ఎవరూ అడగకుండా చూడండి. ఆ డీఎన్‌ఏలో అదీ ఉంటుంది, కానీ చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. "తెలిసిన సెంటర్" అని చుట్టాలు ఎవరైనా పేరు చెబితే అక్కడికి అసలు వెళ్లొద్దు.

మీ నంబరు బయటికి పోయిందంటే ఇక బొడ్డుతాడు రక్తం దాచుకోండి అని ఫోన్లు మొదలవుతాయి. బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలో అదే జీన్ ఉంటుంది, ఆ బిడ్డ తలసేమియాకి అది పనికిరాదు. ఇంట్లో అప్పటికే జబ్బు ఉన్న అన్నో అక్కో ఉంటే వేరే సంగతి. మీకు అది లేదు, ఆ డబ్బు మిగుల్చుకోండి. డీఎన్‌ఏ అంతా చదివిపెడతామంటూ అమ్మే, మీ ఆయన చూస్తున్న "మొత్తం జీనోమ్" కిట్ కూడా ఇప్పుడు అక్కర్లేదు. అది మీకు కావలసిన ఒక్క జవాబు వదిలేసి, ఇరవై కొత్త భయాలు ఇస్తుంది. ఆ సమాచారం ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఉంటుందో కూడా ఆలోచించండి. అమెరికాలో ట్వెంటీత్రీ అండ్ మీ కంపెనీ లక్షలమంది ఉమ్మి నమూనాలు తీసుకుంది. 2023లో డేటా లీకైంది, 2025లో దివాలా తీసింది. మీ జీన్ల సమాచారం మీ ఒక్కరిదే కాదు, అందులో మీ తమ్ముడిదీ, మీ పిన్నమ్మ పిల్లలదీ కొంత ఉంటుంది.

తర్వాతి గర్భం గురించి కూడా అడిగారు. ఐవీఎఫ్‌లో పిండాలు తయారుచేసి, మేజర్ లేని పిండాన్నే గర్భంలో పెట్టే పద్ధతి ఉంది. తెలిసిన జీన్ జబ్బుల కోసం మన చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. ఖర్చు లక్షల్లో, ఫలితం ప్రతిసారీ గ్యారంటీ లేదు. ఇప్పుడు దాని గురించి తల బద్దలుకొట్టుకోకండి.

చివరగా మీ తమ్ముడి పెళ్లి. ఇది కుండమార్పిడి సంబంధం. మీ ఇద్దరికీ ఉన్నట్టే వాళ్లిద్దరికీ ఉండే అవకాశం ఒక్కొక్కరికి సగం సగం. నాకు తోచింది చెప్తాను: ముందు మీ తమ్ముడికి మాత్రమే సీబీసీ అనే రక్తకణాల లెక్క పరీక్ష, హెచ్‌పీఎల్‌సీ చేయించండి. ఇద్దరిలో ఒకరికి లేకపోతే పిల్లలకి మేజర్ రాదు. కాబట్టి అబ్బాయిది మామూలుగా వస్తే ఆడపడుచుకి ఈ సంబంధం కోసం పరీక్షే అక్కర్లేదు, ఆ పిల్ల మీద "మైనర్" అనే ముద్రా పడదు. మన ఇళ్లలో ఆ ముద్ర అబ్బాయి మీద రెండు రోజులు ఉంటే, అమ్మాయి మీద నాలుగు సంబంధాలు తిరిగిపోయేదాకా ఉంటుంది. అందుకే నేను ఎప్పుడూ అబ్బాయితో మొదలుపెట్టమంటాను. అతనికి ఉందని తేలితే అప్పుడు ఆమెకి చేయించండి, రిపోర్టు ముందు ఆమె చేతికే ఇవ్వండి. ముహూర్తాలు పెట్టుకోక ముందే ఇది అవ్వాలి. లగ్నపత్రిక రాసుకున్నాక రిపోర్టు వస్తే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తారు.

మ్యుటేషన్ రిపోర్టు రాగానే ఐవీఎస్ 1-5 అనో, ఇంకోటనో అందులో ఏం రాశారో అలాగే నాకు రాయండి. సీవీఎస్ కౌన్సెలింగ్‌కి మీ ఆయనతో పాటు అత్తయ్యగారినీ తీసుకెళ్లండి, వంశం పటం గీసేటప్పుడు ఆవిడ పక్కనే ఉండాలి.